అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో అన్నిటికన్నా చప్పగా సాగింది ఏది?

పాత కాగితాలు

2000లో ఫ్లోరిడా ఓట్ల లెక్కింపు, 2016, 2020, వీటి మీద ఇక్కడ ఎన్ని పేజీలు నింపామో అందరికీ తెలుసు. ఈసారి తిరగేసి అడుగుతున్నా. 1788-89లో మొదలుపెడితే 2024 దాకా 60 సార్లు అధ్యక్ష ఎన్నికలు జరిగాయి కదా, వాటిలో మరీ నిద్రొచ్చేది ఏది? ఫలితం ఏకపక్షంగా ఉంది కాబట్టి బోర్ అని తేల్చేస్తే ఒప్పుకోను. ఏకపక్షంగా ముగిసి కూడా మధ్యలో నానా గొడవా జరిగినవి చాలా ఉన్నాయి. ఎందుకు బోరో చెప్పాలి.

నా ఓటు 1996కి. డెమోక్రాట్ క్లింటన్‌కి 379 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ణి తేల్చేవి రాష్ట్రాల తరఫున ఎలక్టర్లు వేసే ఈ ఓట్లే), రిపబ్లికన్ బాబ్ డోల్‌కి 159. వేసవి నుంచీ సర్వేలన్నీ క్లింటనే గెలుస్తాడని చెబుతూనే ఉన్నాయి, నవంబర్లో ఆయనే గెలిచాడు, అంతే కథ. సోవియట్ యూనియన్ పోయింది, పెద్ద యుద్ధం లేదు, నిరుద్యోగం ఐదున్నర శాతం దగ్గర ఉంది, కోపం తెచ్చుకోవడానికి జనానికి కారణమే దొరకలేదు. ఓటు వేసే వయసున్న వాళ్ళలో 49 శాతం మందే ఓటేశారు, 1924 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదట.

గోదారిగట్టు

1820 ఉండగా ఇంకో పేరు ఎలా చెబుతారండీ? జేమ్స్ మన్రోకి ఎదురు నిలబడిన వాడే లేడు. ప్రత్యర్థి ఫెడరలిస్టు పార్టీ అప్పటికే చితికిపోయి అభ్యర్థిని కూడా పెట్టలేదు. మన ఊళ్ళో సర్పంచ్ ఎన్నిక ఏకగ్రీవం అయినట్టే, కాకపోతే దేశం మొత్తానికి. పడిన 232 ఎలక్టోరల్ ఓట్లలో 231 ఆయనకే. ఆఖరికి మాజీ అధ్యక్షుడు జాన్ ఆడమ్స్, ఒకప్పటి ఫెడరలిస్టు నాయకుడు, మసాచుసెట్స్‌లో ఎలక్టర్‌గా కూర్చుని మన్రోకే వేశాడు. దీనికంటే చప్పనిది చూపించండి.

సుబ్బి సందేహం

ఆ మిగిలిన ఒక్కటీ ఎవరికి పడింది? వాషింగ్టన్ ఒక్కడికే పూర్తి ఏకగ్రీవ గౌరవం దక్కాలని ఎవరో కావాలని వ్యతిరేకంగా వేశారని చదివినట్టు గుర్తు.

చరిత్ర పిచ్చి

అది తర్వాత అల్లిన కథ సుబ్బి గారూ. న్యూ హాంప్‌షైర్ ఎలక్టర్ విలియం ప్లూమర్‌కి మన్రో పాలనంటే గౌరవం లేదు, డబ్బు దుబారా చేస్తున్నారని ఆయన అభిప్రాయం. ఉపాధ్యక్షుడు టాంప్‌కిన్స్ అంటే అసలు పడదు. అందుకని ఆ మాజీ అధ్యక్షుడు ఆడమ్స్ కొడుకు జాన్ క్విన్సీ ఆడమ్స్‌కి వేశాడు. వాషింగ్టన్ పరువు కాపాడదామని కాదు.

గోదారిగట్టు గారూ, పోటీ లేదు అన్నంత వరకు మీతో ఏకీభవిస్తా, బోర్ అంటే మాత్రం కాదు. 1819లో బ్యాంకులు కుప్పకూలి దేశమంతా అప్పుల్లో ఉంది. దానికి తోడు మిస్సోరి గొడవ. బానిసత్వం ఉన్న రాష్ట్రంగా దాన్ని చేర్చుకోవాలా వద్దా అని రెండేళ్ళు కొట్టుకున్నారు. 1820లో రాజీ కుదిరింది అనుకునేలోపు మిస్సోరి వాళ్ళు తమ రాజ్యాంగంలో స్వేచ్ఛ పొందిన నల్లవాళ్ళు మా రాష్ట్రంలోకి రాకూడదని రాసుకున్నారు, దాంతో మళ్ళీ మొదటికొచ్చింది. 1821 ఫిబ్రవరిలో కాంగ్రెస్‌లో ఓట్లు లెక్కపెట్టేటప్పుడు మిస్సోరి రాష్ట్రం కిందికి వస్తుందా రాదా అన్నదే తేలలేదు. ఏం చేశారనుకున్నారు? మిస్సోరివి కలిపితే 231, కలపకపోతే 228, ఎలా చూసినా మన్రోనే గెలిచాడు అని రెండు అంకెలూ చదివేసి లేచిపోయారు. మాజీ అధ్యక్షుడు జెఫర్సన్ 1820లోనే ఒక ఉత్తరంలో మిస్సోరి విషయం తనని అర్ధరాత్రి అగ్నిప్రమాదపు గంటలా లేపిందని రాశాడు. నలభై ఏళ్ళ తర్వాత వచ్చిన అంతర్యుద్ధం ఆయనకి అప్పుడే వినపడింది. బ్యాలెట్‌లో పోటీ లేకపోతే గొడవ లేనట్టు కాదు.

డల్లాస్ బాబాయ్

1996కి నేను ప్రత్యక్ష సాక్షిని. అప్పుడే కొత్తగా దిగాను, ఓటు లేదు, వీసా మీద ఉన్నవాడికి ఓటేమిటి, కానీ టీవీలో వచ్చింది వచ్చినట్టు చూసేవాడిని. మన దగ్గర ఎన్నికలంటే మైకులు, గోడల మీద రాతలు, జీపులు. ఇక్కడ ఆ ఏడాది మా వీధిలో ఎన్నికలు జరుగుతున్నాయని తెలిసే గుర్తే లేదు, ఆఫీసులో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తినా ఫుట్‌బాల్ వైపు తిప్పేసేవాళ్ళు.

నాకు బాగా గుర్తున్నది యూనిఫాంల సంగతి. క్లింటన్ ఆ ఏడాది కాంగ్రెస్ ముందు ప్రసంగంలో కూడా, ప్రభుత్వ బడులు కావాలనుకుంటే పిల్లలకి యూనిఫాం పెట్టుకోవచ్చు అని చెప్పాడు. ఖాకీ నిక్కరు, తెల్ల చొక్కాతో పదేళ్ళు బడికెళ్ళిన వాణ్ణి, ప్రపంచంలో అతి పెద్ద పదవికి పోటీ పడేవాడు దీని గురించి మాట్లాడటం చూసి నాకేదో అర్థం కాలేదేమో అనుకున్నా. తీరా అదే అంశం!

సుబ్బి సందేహం

బాబాయ్ గారూ, నాకొకటి అర్థం కావట్లేదు. 1994లో క్లింటన్ పార్టీ కాంగ్రెస్‌లో రెండు సభలూ పోగొట్టుకుంది కదా. అంత దెబ్బ తిన్నవాడు రెండేళ్ళకే అంత తేలిగ్గా ఎలా గెలిచాడు? అసలు మజా అక్కడుండాలి కదా?

పాత కాగితాలు

మజా అంతా 1995లో అయిపోయింది, అదే ఇబ్బంది. గింగ్రిచ్ నాయకత్వంలో రిపబ్లికన్లు బడ్జెట్ దగ్గర పట్టుబట్టి ప్రభుత్వ ఆఫీసులు రెండుసార్లు మూతపడేలా చేశారు, 1995 నవంబర్లో ఒకసారి, డిసెంబర్ నుంచి జనవరి దాకా ఇంకోసారి. జనం తప్పు రిపబ్లికన్లదే అన్నారు. ఈలోగా సలహాదారు డిక్ మోరిస్ చెప్పినట్టు క్లింటన్ రెండు పార్టీలకీ మధ్యన ఒక చోటు చూసుకుని కూర్చున్నాడు. రిపబ్లికన్లు దేని మీద తిడదామనుకుంటే దాన్ని తనే సగం చేసేసేవాడు, ఆగస్టులో సంక్షేమ పథకాల్లో కోత బిల్లు మీద సంతకం పెట్టేశాడు, ఇక డోల్ దేని గురించి మాట్లాడాలి? పైగా 1995లోనే టీవీ ప్రకటనలు మొదలెట్టేశాడు.

డోల్ చెడ్డ మనిషి కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో గాయపడి కుడి చెయ్యి పనికిరాకుండా పోయినవాడు, సెనేట్‌లో అందరూ గౌరవించే నాయకుడు. ప్రచారం కోసం జూన్‌లో సెనేట్‌కి రాజీనామా కూడా ఇచ్చాడు. కానీ మాట్లాడితే తన గురించే ఎవరో మూడో మనిషి గురించి చెప్పినట్టు బాబ్ డోల్ ఇలా చేస్తాడు, బాబ్ డోల్ అలా చేస్తాడు అనేవాడు. సెప్టెంబర్లో ఒకరోజు బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు ఆట గురించి పొగిడాడు. ఆ జట్టు బ్రూక్లిన్ వదిలి లాస్ ఏంజెలస్ వెళ్ళిపోయి అప్పటికి నలభై ఏళ్ళు కావస్తోంది. ఆ రోజుల్లోనే కాలిఫోర్నియాలోని చీకో అనే ఊళ్ళో వేదిక రెయిలింగ్ విరిగి కింద పడ్డాడు. 73 ఏళ్ళ మనిషి, పాపం. పార్టీ సభలో పాత రోజులకి వంతెన వేస్తానన్నట్టు మాట్లాడితే, క్లింటన్ ఆ వంతెననే ఎత్తుకుపోయి 21వ శతాబ్దానికి వేస్తానని నవంబర్ దాకా తిరిగాడు.

1992లో 19 శాతం ఓట్లు తెచ్చుకుని హడావిడి చేసిన రాస్ పెరో కూడా ఈసారి 8 శాతం దగ్గర ఆగాడు. టీవీ చర్చలకి ఆయన్ని పిలవనే లేదు.

నల్గొండ బావ

1996 బోరా? మాకైతే కాదు. ఆ ఏడాది మా నల్గొండ పార్లమెంటు సీటుకి 480 మంది నిలబడ్డారు. తాగునీళ్ళల్ల ఫ్లోరైడ్ గురించి ఎవ్వరూ పట్టించుకుంటలేరని నిరసనగా వందలమంది నామినేషన్ వేసిన్రు. ఎన్నికే వాయిదా పడింది, బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. మీ డోల్ గారిని మా దగ్గర నిలబెట్టి ఉంటే 481వ పేరు, ఎవరూ గుర్తుపట్టకపోదురు.

కోనసీమ కొబ్బరి

ఆ ఎన్నిక తేదీ 1996 నవంబర్ 5, మంగళవారం. మనకి ఫలితం తెలిసేది 6న పొద్దున. ఆ రాత్రే మా మీద తుఫాను విరుచుకుపడింది. వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి తోటలు తోటలే నేలకూలాయి, కొత్త చెట్టు వేస్తే కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి ఎన్నో కుటుంబాలు ఆ ఒక్క రాత్రితో ఆదాయం పోగొట్టుకున్నాయి. క్లింటన్ గెలిచిన సంగతి మా ఇంట్లో ఎప్పుడు తెలిసిందో కూడా నాకు తెలియదు. బోర్ అవునో కాదో చెప్పడానికి ఆ ఎన్నిక నాకు అసలు గుర్తే లేదు, అందుకని నేను ఓటు వెయ్యను, చర్చ చదువుతా.

ఎడిసన్ వదిన

కోనసీమ గారూ, ఆ తుఫాను సంగతి మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

1996 గురించి ఇంకో మాట. ఎన్నిక చప్పగా ఉందని ఆ ఏడాది చేసిన చట్టాలూ చప్పనివి అనుకోవద్దు. సెప్టెంబర్ 30న, అంటే పోలింగ్‌కి ఐదు వారాల ముందు, క్లింటన్ వలసల చట్టం ఒకటి సంతకం పెట్టాడు. అనుమతి లేకుండా 180 రోజులకి మించి ఉండి దేశం దాటితే మూడేళ్ళు తిరిగి రాకూడదు, ఏడాది దాటితే పదేళ్ళు, ఆ నిబంధన వచ్చింది అందులోంచే. ఇవాళ ఇక్కడ మన పిల్లలు స్టేటస్ పోతుందేమోనని లాయర్ల చుట్టూ తిరిగేది ఆ లెక్క చూసుకునే. స్థానిక పోలీసులతో ఇమిగ్రేషన్ పని చేయించే 287(జి) ఒప్పందాలు, ఇప్పుడు వార్తల్లో రోజూ వినపడేవి, అవీ ఆ చట్టంలోవే. టీవీలో యూనిఫాంల గురించి మాట్లాడుకుంటుంటే ఇది నిశ్శబ్దంగా వెళ్ళిపోయింది. వలసదారుల మీద మెతక అనిపించుకోకూడదని రెండు పార్టీలకీ ఉంది కాబట్టి దాని మీద పెద్దగా పోట్లాట లేదు. పోట్లాట లేకపోతే వార్త లేదు.

ఇంతకీ నా ఓటు 1904కి. థియడోర్ రూజ్‌వెల్ట్ మీద డెమోక్రాట్లు నిలబెట్టింది ఆల్టన్ పార్కర్ అనే న్యూయార్క్ జడ్జిని. ఈయన హడ్సన్ నది ఒడ్డున ఈసోపస్ అనే ఊళ్ళో సొంత ఇంట్లోనే ఉండి, వచ్చినవాళ్ళతో మాట్లాడి పంపించేవాడు, చివర్లో తప్ప బయటికి రాలేదు. పదవిలో ఉన్న అధ్యక్షుడు ఓట్లడుగుతూ తిరగడం అప్పటి ఆనవాయితీ కాదు కాబట్టి రూజ్‌వెల్ట్ కూడా తిరగలేదు. ఇద్దరూ ఇంట్లోనే! పార్కర్‌కి తోడుగా ఉపాధ్యక్ష పదవికి పెట్టింది 80 ఏళ్ళ హెన్రీ డేవిస్‌ని, బాగా డబ్బున్నవాడు, ఖర్చు పెడతాడని ఆశ. ఆయన పెద్దగా తియ్యలేదు. 336-140.

చరిత్ర పిచ్చి

1904కి నాదీ సగం ఓటు వదినా. ఎందుకు సగమంటే, అందులో పెద్ద సంఘటన ఫలితాలు వచ్చాక జరిగింది. గెలిచిన రాత్రే రూజ్‌వెల్ట్ ఇంకోసారి పోటీ చెయ్యనని ప్రకటించేశాడు. ఎవరూ అడగలేదు, ఆయనే అన్నాడు. ఆ మాట మీద నిలబడి 1908లో టాఫ్ట్‌ని కూర్చోబెట్టాడు, తర్వాత టాఫ్ట్ మీద కోపం వచ్చి 1912లో సొంత పార్టీ పెట్టి దిగాడు, మిల్‌వాకీలో ఒకడు తుపాకీతో కాలిస్తే ఛాతీలో గుండుతోనే ప్రసంగం చేశాడు, రిపబ్లికన్ ఓట్లు చీలిపోయి విల్సన్ గెలిచాడు. ఆ గొడవంతటికీ విత్తనం ఆ ఒక్క రాత్రి ప్రకటనే.

రూల్స్ రాంబాబు

మీరంతా 1984 ఎందుకు వదిలేస్తున్నారు? రీగన్‌కి 525, మాండేల్‌కి 13. మాండేల్‌కి సొంత రాష్ట్రం మిన్నెసోటా, రాజధాని వాషింగ్టన్ తప్ప ఏమీ మిగల్లేదు. మిన్నెసోటాలో కూడా నాలుగు వేల లోపు తేడాతో గట్టెక్కాడు. 1972 కూడా అంతే, నిక్సన్‌కి 49 రాష్ట్రాలు. వీటికంటే బోర్ ఇంకేం కావాలి?

పాత కాగితాలు

రాంబాబు గారూ, మొదటి పోస్టు మళ్ళీ చదవండి 🙂

1972 బోర్ అన్న మొదటి మనిషి మీరే అయ్యుంటారు. మే నెలలో డెమోక్రాట్ల అభ్యర్థిత్వానికి పోటీ పడుతున్న జార్జ్ వాలస్‌ని కాల్చారు. జూన్ 17న వాటర్‌గేట్ భవనంలో, డెమోక్రాట్ల ఆఫీసులో, దొంగలు పట్టుబడ్డారు. నిక్సన్ ప్రత్యర్థి మెక్‌గవర్న్ తన పార్టీ సభలో ప్రసంగం మొదలుపెట్టేసరికి తెల్లవారుజామున మూడు కావస్తోంది, దేశమంతా పడుకుంది. ఆయన ఎంచుకున్న ఉపాధ్యక్ష అభ్యర్థి ఈగల్‌టన్‌కి గతంలో మానసిక చికిత్సలో కరెంటు షాకులు ఇచ్చారని బయటపడి, మూడు వారాలు తిరక్కుండానే ఆయన్ని తప్పించాల్సి వచ్చింది. పద్దెనిమిదేళ్ళ వాళ్ళు అధ్యక్ష ఎన్నికలో దేశమంతటా ఓటేసింది కూడా అప్పుడే మొదలు. ఫలితం ఒక్కటే ఏకపక్షం.

రూల్స్ రాంబాబు

సరే 1972 వదిలేస్తా. 1984?

డల్లాస్ బాబాయ్

1984లో ఫెరారో ఉంది కదా, పెద్ద పార్టీ టికెట్ మీద మొదటి మహిళ. మొదటి చర్చలో రీగన్ తడబడితే ముసలాయన పని అయిపోయిందని పేపర్లు రాశాయి. రెండో చర్చలో వయసు గురించి అడిగితే నా ప్రత్యర్థి కుర్రతనాన్నీ అనుభవలేమినీ నేను రాజకీయానికి వాడుకోను అని ఒక్క మాట వదిలాడు. ఎదురుగా ఉన్న మాండేలే నవ్వేశాడు. రెండు వారాల్లో ఎన్నిక, ఆ నవ్వుతోనే అయిపోయిందని మాండేల్‌కి కూడా తెలుసు. అంత టైమింగ్ ఉన్నది బోర్ ఎలా అవుతుంది. 1996 చర్చల్లోంచి ఒక్క వాక్యం చెప్పండి చూద్దాం. నేను చూశాను, నాకే ఒక్కటీ గుర్తులేదు.

గోదారిగట్టు

మరి 1956? ఐజన్‌హవర్, స్టీవెన్సన్ 1952లో ఒకసారి తలపడ్డారు, నాలుగేళ్ళకి అదే జంట, అదే ఫలితం, 457-73. చూసిన సినిమానే మళ్ళీ చూడటం.

చరిత్ర పిచ్చి

1956లో ప్రచారం నిజంగా చప్పనిదే. కానీ ఆఖరి వారం చూడండి. అక్టోబర్ 29న ఇజ్రాయెల్ ఈజిప్టు మీదకి వెళ్ళింది, వెనకే బ్రిటన్, ఫ్రాన్స్ సూయెజ్ కోసం దిగాయి, నవంబర్ 4న సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి వచ్చాయి, 6న పోలింగ్. స్టీవెన్సన్ ఉపాధ్యక్ష అభ్యర్థిని తను ఎంచకుండా సభకే వదిలేశాడు, అందులో కెఫావర్ చేతిలో కొద్దిలో ఓడిన కుర్ర సెనేటర్ పేరు జాన్ కెనెడీ. గెలిచి ఉంటే ఆ ఓటమి బురద తనకీ అంటుకుని 1960లో ఆయన పేరు వినపడేదో లేదో.

నన్నడిగితే ఎవరూ తలుచుకోని 1892ని పెట్టాలి. క్లీవ్‌లాండ్, హారిసన్, ఇద్దరూ అప్పటికే అధ్యక్షులుగా చేసినవాళ్ళు, 1888లో ఒకరితో ఒకరు పోటీ పడినవాళ్ళు, మళ్ళీ అదే సుంకాల మీద అదే వాదన. హారిసన్ భార్య కెరొలైన్ క్షయతో మంచం పట్టింది, ఆయన ప్రచారానికి కదల్లేదు. మర్యాద కోసం క్లీవ్‌లాండ్ కూడా తగ్గాడు. పోలింగ్ ఇంకా రెండు వారాలుందనగా ఆవిడ పోయింది. ఇది బోర్ అనడానికి మనసు రాదు, కానీ అధ్యక్ష ఎన్నిక అంత నిశ్శబ్దంగా జరగడం అరుదు. జూలైలో పిట్స్‌బర్గ్ దగ్గర హోమ్‌స్టెడ్‌లో కార్నెగీ ఉక్కు కర్మాగారం కార్మికులకీ, కంపెనీ పిలిపించిన పింకర్‌టన్ ప్రైవేటు కాపలా మనుషులకీ మధ్య కాల్పులు జరిగాయి, రైతులు కొత్త పార్టీ పెట్టుకుని 22 ఎలక్టోరల్ ఓట్లు తెచ్చుకున్నారు. ఇద్దరు పెద్ద అభ్యర్థులు మాత్రం సుంకాల దగ్గరే ఉన్నారు.

రహస్య బ్యాలెట్ చాలా రాష్ట్రాల్లో వాడిన మొదటి అధ్యక్ష ఎన్నిక కూడా అదే. అంతకుముందు పార్టీలే చీటీలు అచ్చేసి పంచేవి, ఎవరు ఏ చీటీ వేస్తున్నారో పక్కవాడికి కనపడేది. బహుశా గొడవ తగ్గినట్టు అనిపించడానికి అదీ ఒక కారణమేమో.

సుబ్బి సందేహం

మొదటి పోస్టులో 1924 పేరు వచ్చింది. కూలిడ్జ్ అసలు మాట్లాడనివాడు కదా, అది బోర్ కాదా?

ఎడిసన్ వదిన

నవంబర్ వరకు చూస్తే బోరే. అభ్యర్థిని ఎంచుకునే డెమోక్రాట్ల సభ వరకు చూస్తే అమెరికా చరిత్రలో అంత తమాషా లేదు. న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్, ఎండాకాలం, ఏసీ లేని రోజులు. కాథలిక్ అయిన ఆల్ స్మిత్ ఒకవైపు, కాథలిక్కులన్నా నల్లవాళ్ళన్నా పడని కు క్లక్స్ క్లాన్ వాళ్ళు వెనక ఉన్న మెకడూ ఒకవైపు, గెలవాలంటే మూడింట రెండొంతుల ఓట్లు రావాలి, ఎవరికీ రావు. 103 రౌండ్లు! అలబామా వంతు మొదట వచ్చేది. ప్రతి రౌండులో వాళ్ళ గవర్నర్ లేచి తమ రాష్ట్రం మనిషి అండర్‌వుడ్‌కి ఇరవై నాలుగు ఓట్లు అని అరిచేవాడు. రేడియోలో మొదటిసారి సభ వింటున్న జనం కొన్నాళ్ళకి ఇళ్ళల్లో కూర్చుని ఆయనతో పాటు అనడం మొదలెట్టారు. చివరికి ఎవరికీ అక్కర్లేని జాన్ డేవిస్‌ని తేల్చారు, ఆయన 29 శాతం తెచ్చుకుని వెళ్ళాడు.

ఆ సభ ఇంకా నడుస్తుండగానే కూలిడ్జ్ కొడుకు పోయాడు. పదహారేళ్ళ పిల్లాడు, టెన్నిస్ ఆడితే కాలి వేలు బొబ్బ కట్టి, అది విషమై. యాంటీబయాటిక్స్ లేని కాలం. ఆ తర్వాత ఆయన మాట్లాడకపోవడాన్ని నేను బోర్ కింద వెయ్యను.

రూల్స్ రాంబాబు

ఇంకోటి. చప్పగా ఉంటుందని అందరూ అనుకున్న ఎన్నిక 1948. అధ్యక్షుడు ట్రూమన్ మీద డ్యూయీ గెలుపు ఖాయమని, సర్వేలు చేసే ఎల్మో రోపర్ సెప్టెంబర్లోనే సర్వేల వివరాలు ఇవ్వడం మానేశాడు. డ్యూయీ కూడా తప్పు మాట్లాడకుండా ఉంటే చాలని ఏమీ చెప్పకుండానే తిరిగాడు. తర్వాత ట్రూమన్ నవ్వుతూ డ్యూయీ గెలిచాడన్న చికాగో ట్రిబ్యూన్ పేపర్ పట్టుకున్న ఫోటో అందరూ చూసిందే. 1996లో కూడా డోల్ గెలిచి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

పాత కాగితాలు

డోల్ కూడా అదే ఆశతో ఆఖర్న 96 గంటలు నిద్ర లేకుండా రాష్ట్రాలు చుట్టాడు. అయినా ఎనిమిదిన్నర శాతం తేడాతో ఓడిపోయాడు. 1996 దగ్గరే ఉన్నాను నేను. 1904లో కనీసం గెలిచిన రాత్రి ప్రకటనైనా ఉంది.

ఎడిసన్ వదిన

నేను కూడా కదలను. ఇద్దరు అభ్యర్థులూ ఇంట్లో కూర్చున్న ఎన్నికని ఇంకేదీ కొట్టలేదు.

నల్గొండ బావ

1924 సభ మీద వేరే చర్చ తెరిచిన. వచ్చేవాళ్ళు రండి, కానీ అండర్‌వుడ్‌కి ఇరవై నాలుగు ఓట్లు అని 103 పోస్టులు పెడితే తీసేస్తా.